ఆర్కెలాన్ – ఆదికాని ఆదికూర్మము

హైదరాబాదులో ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములకు వచ్చినవారు మొజంజాహీ మార్కెట్‌ను చూడకుండ పోలేరు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండవ కుమారుడైన మొజంజా పేర 1935లో పూర్తియైన కట్టడమది. గోడలు, కమానులు, గడియారపు గోపురము అన్నియు గ్రానైటు రాతివే. కమానులో ప్రతి రాయియు ప్రక్కరాతిని నొక్కుచు, దానిచే తాను నొక్కబడుచు నిలిచియుండును. నడిమి రాతిని తీసివేసినచో తక్కినవి నిలువవు. అంత రాతి కట్టడము ప్రక్కనే, వీధిలో పండ్లు అమ్ముకొనువాడు తన నీడకొరకు వేరొక ఉపాయము పన్నుకొనును. బండిమీద ఒక పెద్ద గొడుగు విప్పును. దానికి ఎనిమిది చువ్వలు, వానిమీద ఒక గుడ్డ. రాతి పని ఏమియు లేదు, కాని తల మీద నీడ ఉన్నది. సాయంత్రము కాగానే దానిని చంకన పెట్టుకొని ఇంటికి పోవచ్చును కూడ.

రాతి కప్పు, చువ్వల కప్పు అను ఈ రెండు పద్ధతులును తాబేళ్ళ వంశమున కనబడుచున్నవి. నేలమీద తిరుగు తాబేలు రాతి కప్పు కట్టుకొన్నది. సముద్రమునకు పోయిన తాబేళ్ళలో కొన్ని రాళ్ళను తీసివేసి చువ్వలను మాత్రము ఉంచుకొన్నవి. అట్టివానిలో నేటివరకు తెలిసినంతలో మిక్కిలి పెద్దది ఆర్కెలాన్ అను లుప్త ప్రజాతి. దాని ఎముకల నిర్మాణము ఎట్టిది, దానిని ఏ తాబేళ్ళ సరసన చేర్చవలెను అను రెండు ప్రశ్నలు నూరేండ్లకు పైగా శాస్త్రజ్ఞులను తికమక పెట్టినవి. మొదటి ప్రశ్నకు సమాధానము చాలవరకు దొరకినది. రెండవది నేటికిని వాదములోనే ఉన్నది.

ముందుగా సామాన్యమైన తాబేటి చిప్పను చూడవలెను. సన్యాసి పీత ఖాళీ గుల్లలో దూరి కాపురముండునట్లు తాబేలు చిప్పలో కాపురమున్నదనియు, కావలెనన్నచో బయటకు రాగలదనియు కొందరు పిల్లలు తలచుదురు. ఇది పొరపాటు. చిప్ప తాబేటి ఎముకల గూడే. ఎండిన చిప్పను వెల్లకిల వేసి లోపలివైపు చూచినచో నడుమ వెన్నెముక, దానికి ఇరువైపుల ప్రక్కటెముకలు చిప్పతో ఏకమైయుండుట స్పష్టముగా కనబడును. ఇతర జంతువుల పిండములో ప్రక్కటెముకలు క్రిందికి వంగి రొమ్మువైపు సాగును. తాబేటి పిండములో అవి అట్లు వంగక, వీపు చర్మములోనికి ప్రక్కలకు సాగును. పిమ్మట ఒక్కొక్క ప్రక్కటెముకను ఆనుకొని ఎముక పలకవలె పెరిగి, ప్రక్కదానితో కుట్టు వేసినట్లు కలియును. వీపు మీది ఈ భాగమునకు పృష్ఠకవచమని పేరు. నడుమ వెన్నెముకపై ఒక వరుస ఫలకములు, వానికి ఇరువైపుల సాధారణముగా 8 జతల పర్శుక ఫలకములు, అంచు చుట్టును ఉపాంత ఫలకములు దీనిలో ఉండును. పొట్ట క్రిందిది ఉదరకవచము. దీనిలో సాధారణముగా 9 ఎముకలుండును: నాలుగు జతలు, ఒకటి ఒంటరిది. ఈ ఎముకలన్నిటిమీద కొమ్ము పదార్థముతోనైన పెంకులు అతుకబడియుండును.

ఇందులో ఒక వింత కలదు. ఎవరైనను చేతిని వీపువైపు పోనిచ్చి తడిమి చూచుకొన్నచో భుజము వెనుకనున్న రెక్క ఎముక ప్రక్కటెముకలకు వెలుపల ఉన్నట్లు తెలియును. పిల్లికిని, కోడికిని, బల్లికిని అంతే. తాబేటికి మాత్రము రెక్క ఎముక ప్రక్కటెముకల గూటికి లోపల ఉన్నది! ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చెప్పినపుడు పిల్లలు వెంటనే నమ్మరు. నమ్మకపోవుటయే మంచిది, అస్థిపంజరమును చూచి నమ్మవచ్చును.

శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మమునందలి కూర్మనాథుని ఆలయమున పెంచబడుచున్న నక్షత్ర తాబేళ్ళను చూచినవారికి రాతి కప్పు ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. గోపురమువలె ఎత్తైన వీపు, ఎక్కడను సందు లేని ఎముక, మీద నక్షత్రపు గీతలు. నడక మెల్లనిది. శత్రువు వచ్చినపుడు పరుగెత్తుటకు మారు తల, కాళ్ళు లోనికి ముడుచుకొనును. నేలమీద ఈ బేరము లాభకరమే.

తెలుగునేలయందు ఇంతకంటె చాల ప్రాచీనమైన తాబేటి చిప్ప ఒకటి దొరకినది. మొజంజాహీ మార్కెట్ నుండి నాంపల్లి మీదుగా రెండు మూడు కిలోమీటర్లు పోయినచో నౌబత్ పహాడ్ గుట్టపై బిర్లా సైన్సు మ్యూజియము వచ్చును. అక్కడ నిలిపిన కోటసారస్ అను రాక్షసిబల్లి అస్థిపంజరమును నగరములోని విద్యార్థులు చాలమంది చూచియుందురు. దాని ఎముకలు ప్రాణహిత–గోదావరి లోయలోని యామనపల్లి వద్ద, కోట శిలలు అనబడు పొరలలో లభించినవి. అవే కోట శిలలలో దొరకిన ఒక తాబేటిని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన దత్తా, ఆయన సహచరులు 2000 సంవత్సరములో వర్ణించి, ఇండోకెలిస్ స్పాటులేటా అని పేరు పెట్టిరి. భారతదేశమున దొరకిన జురాసిక్ యుగపు తాబేళ్ళలో మొదటిది ఇదే. దాని వయస్సు సుమారు 18 కోట్ల ఏండ్లు. కాని అది నదులు, చెరువులు గల నేలలో నివసించినది, సముద్ర తాబేలు కాదు. హైదరాబాదు నేలలోనే సముద్ర తాబేటి శిలాజము దొరకునా అని అడుగు విద్యార్థి ఒకడు ప్రతి తరగతిలోను ఉండును. దొరకదు. ఇక్కడి గ్రానైటు సుమారు 250 కోట్ల ఏండ్ల క్రిందట భూగర్భమున కరగిన పదార్థము చల్లారి గట్టిపడినది. అప్పటికి తాబేళ్ళు కాదుగదా, ఎముకగల జంతువే పుట్టలేదు.

ఇక సముద్రపు సంగతి. ఆంధ్ర తీరమున జనవరి మొదలు రాత్రివేళల ఇసుక మీదికి వచ్చి గ్రుడ్లు పెట్టు తాబేలు ఆలివ్ రిడ్లీ. తల్లి గుంట త్రవ్వి సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడక సముద్రమునకు పోవును. ఏడెనిమిది వారములకు పిల్లలు బయటకు వచ్చును. దీని వీపు శ్రీకూర్మపు తాబేటి వీపువలె ఎత్తుగా ఉండదు, పళ్ళెము బోర్లించినట్లు పలుచగా ఉండును. తల, కాళ్ళు లోనికి ముడుచుకొనుటకు వీలులేదు. ముందుకాళ్ళు తెడ్లుగా మారినవి. అంతకంటె ముఖ్యమైన భేదము పిల్లలలో కనబడును. అప్పుడే పుట్టిన సముద్ర తాబేటి పిల్లకు ప్రక్కటెముకల నడుమ ఎముక పలకలు ఇంకను నిండియుండవు. చువ్వలు ఉన్నవి, నడుమ సందులు ఉన్నవి, మీద చర్మము, పెంకులు కప్పియున్నవి. పెరిగినకొలది పలకలు వ్యాపించి సందులు పూడుకొనును. కొన్ని జాతులలో అంచు దగ్గర కొంత సందు చాలకాలము మిగులును.

ఎముక నీటికంటె బరువైనది. సముద్రమున నిత్యము ఈదవలసిన జంతువునకు వీపు మీద ఎముకల గోపురము మోత. కావున సందులు పూడుట ఆలస్యమైనను, పూడకపోయినను నష్టము లేదు, లాభమే. సందులు ఎన్నటికిని పూడని మహాకాయమును ఊహించినచో ఆర్కెలాన్ రూపము సగము తెలిసినట్లే.

1895లో అమెరికా దేశపు దక్షిణ డకోటా రాష్ట్రమున షయాన్ నది దక్షిణ శాఖ ఒడ్డున జార్జి వీలాండ్ అను శాస్త్రజ్ఞుడు పియర్ షేల్ అను నల్లని బంకరాతి పొరలలో ఒక పెద్ద అస్థిపంజరమును కనుగొని, మరుసటి ఏట దానిని వర్ణించెను. నేడు ఆ ప్రాంతము సముద్రమునకు వందల మైళ్ళ దూరమున ఉన్నది. కాని క్రిటేషస్ యుగమున ఉత్తర ధ్రువ సముద్రము నుండి మెక్సికో సింధుశాఖ వరకు ఒక లోతులేని సముద్రము ఉత్తర అమెరికాను రెండుగా చీల్చియుండెను. ఆర్కెలాన్ ఆ సముద్రమున సుమారు ఏడున్నర కోట్ల ఏండ్ల క్రిందట సంచరించినది. అప్పటికి హిమాలయములు లేవు. భారతదేశము ఆసియాను చేరక, దక్షిణ సముద్రములో ఒంటరిగా ఉత్తరమునకు జరుగుచుండెను.

వీలాండ్ త్రవ్వి తీసిన జంతువు పొడవు సుమారు మూడున్నర మీటర్లు. అది నేడు యేల్ విశ్వవిద్యాలయపు పీబాడీ మ్యూజియమున ఉన్నది. తరువాత దొరకిన మరియొకటి వియన్నాలోని ప్రకృతిశాస్త్ర మ్యూజియమునకు చేరినది. దాని పొడవు ముక్కు మొదలు తోక వరకు నాలుగున్నర మీటర్లకు పైమాట, అనగా ఒకప్పటి అంబాసిడరు కారుకంటె పొడవు. బతికియున్నపుడు దాని బరువు రెండు టన్నులకు తక్కువ కాదని లెక్క వేసినారు. నేడున్న తాబేళ్ళలో మిక్కిలి పెద్దది తోలు తాబేలు. 1988లో వేల్స్ తీరమున చేరిన ఒక తోలు తాబేటిని తూచగా 916 కిలోలు తూగినది. అదియే నేటి తాబేళ్ళలో లెక్కకు ఎక్కిన గరిష్ఠము.

యేల్‌లోని అస్థిపంజరమునకు కుడి వెనుకకాలు మోకాలి క్రింద లేదు. మిగిలిన ఎముకల కొనలు మానినట్లు ఉండుటయు, అవి తక్కిన కాలికంటె చిన్నవిగా ఉండుటయు గమనించి, ఆ కాలు దాని చిన్నతనములోనే ఏదో జంతువు కొరికినదై యుండునని వీలాండ్ తలచెను. కాలు పోయిన తరువాత ఏండ్ల తరబడి బతికి పెరిగినదన్నమాట. దానిని కొరికినది ఏదైనను, మోసాసార్ వంటి పెద్ద సముద్రపు బల్లులు ఆ నీటిలో ఉండెను. సముద్ర తాబేలు ముందుకాళ్ళతోనే ముందునకు సాగును, వెనుకకాళ్ళు చుక్కానివంటివి. ఒక చుక్కాని పోయినను పడవ మునుగలేదు.

ఇప్పుడు కప్పు విషయము. ఆర్కెలాన్ వీపున నడుమ వెన్నెముక వెంట ఎముక గట్టు ఉన్నది. దానినుండి ఇరువైపుల ప్రక్కటెముకలు గొడుగు చువ్వలవలె అంచువరకు సాగినవి. వాని మొదళ్ళ వద్ద మాత్రము కొద్దిపాటి పర్శుక ఫలకము ఉండును. ఆపై చువ్వకును చువ్వకును నడుమ ఖాళీయే. అంచున ఉపాంత ఫలకముల వరుస ఉన్నది. ఈ పందిరి మీద మందమైన చర్మము కప్పియుండెనని పలువురి అభిప్రాయము. చర్మము శిలాజముగా మిగులదు కనుక నేడు మ్యూజియములో నిలబడిన ఆర్కెలాన్‌ను చూచువానికి గుడ్డ చిరిగిన గొడుగే కనబడును.

వీపు ఇట్లు తేలికపడినను పొట్ట క్రింది కవచము తేలికపడలేదు. అక్కడ నాలుగు మహాఫలకములు, రెండు ఈ ప్రక్క, రెండు ఆ ప్రక్క. ఒక్కొక్కటి అంచుల చుట్టును వేళ్ళవలె కోసుగా చీలి నక్షత్రాకారముగా నుండును. నడుమ కొంత ఖాళీ కలదు. పై కప్పు చువ్వలతోను, క్రింది నేల బండలతోను కట్టిన ఇల్లు వంటిదన్నమాట. ఇట్లెందుకు? క్రిందినుండి వచ్చు శత్రువు కోరల నుండి రక్షణకొరకని కొందరు ఊహించిరి. బరువు అడుగున ఉండుటవలన జంతువు నీటిలో తలక్రిందులు కాకుండనని మరికొందరు. రెండును ఊహలే.

భుజము నుండి మోచేయి వరకు గల ఎముకను సముద్ర తాబేటిలోను నేల తాబేటిలోను పోల్చి చూచుట మంచి పాఠము. నేల తాబేటిలో ఆ ఎముక విల్లువలె వంగి, కండరము పట్టుకొను బొడిపె భుజము కీలుకు దగ్గరగా ఉండును. సముద్ర తాబేటిలో ఎముక తిన్ననై, చదునై, ఆ బొడిపె కీలుకు దూరముగా దిగువకు జరిగియుండును. తులాదండము పాఠము చదివిన విద్యార్థికి దీని అర్థము తెలియును. ఆధారమునకు బలము దూరమైనకొలది త్రిప్పు శక్తి హెచ్చును. ఆర్కెలాన్‌లో ఈ ఎముక బలిష్ఠమైనది. వ్రేళ్ళ ఎముకలు చాల పొడవుగా సాగి, విడివిడిగా కదలక ఒకే తెడ్డుగా ఏర్పడినవి. నీటిలో దాని పోక ఈత అనుటకంటె పక్షి ఎగురుట అనుట సబబు.

తల పొడవైనది, ముక్కు చిలుక ముక్కువలె క్రిందికి వంగినది. పండ్లు లేవు. ఈ కొక్కెపు ముక్కుతో ఏమి తినెడిదో ఆర్కెలాన్ ఎముకలు మాత్రమే చూచి తేల్చుట కష్టము. కాని దాని కుటుంబమునకే చెందిన నోటోకెలోన్ అను ఆస్ట్రేలియా తాబేటి శిలాజములలో కడుపు భాగమున ఆల్చిప్పల ముక్కలు దొరకినట్లు 2006లో ప్రకటింపబడినది. సముద్రపు అడుగున ఆల్చిప్పలను ఏరుకొని పగులగొట్టి తినెడిదన్నమాట. బంధువు తిండిని బట్టి ఆర్కెలాన్ తిండిని నిర్ణయించుట న్యాయము కాదు, కాని ఆ కుటుంబమున అట్టి అలవాటు ఉండెనని దీనివలన తెలియును.

ఆర్కెలాన్ అను మాటలో గ్రీకు పదములు రెండు కలవు: ఆది, కూర్మము. తెలుగున తర్జుమా చేసినచో ఆదికూర్మము అగును! ఇస్కిరోస్ అను జాతి నామమునకు బలము గలది అని అర్థము. రెండవ మాట నిజము. మొదటి మాట మాత్రము నిలువలేదు. ఎందుకనగా ఆర్కెలాన్ తాబేళ్ళలో ఆదియు కాదు, సముద్ర తాబేళ్ళలో ఆదియు కాదు. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున విల్యా డి లేవా వద్ద దొరకిన సముద్ర తాబేటికి కాడెనా, పార్హమ్ అను శాస్త్రజ్ఞులు 2015లో డెస్మాటోకెలిస్ పాడిల్లై అని పేరు పెట్టిరి. దాని వయస్సు సుమారు 12 కోట్ల ఏండ్లు. అనగా ఆర్కెలాన్ పుట్టుటకు నాలుగు కోట్ల ఏండ్లకు పైగా ముందే దాని కుటుంబము సముద్రమున ఈదుచుండెను.

పేరు తప్పుట ఈ కుటుంబమునకు క్రొత్త కాదు. కుటుంబ నామమునకు మూలమైన ప్రోటోస్టెగా కథ ఇంతకంటె వింతైనది. 1871లో ఎడ్వర్డ్ కోప్ అను ప్రసిద్ధ శిలాజ శాస్త్రజ్ఞుడు కాన్సాస్ రాష్ట్రపు సుద్దరాతిలో ఒక పెద్ద తాబేటి ఎముకలను త్రవ్వి తీసెను. విడిపోయిన ఎముకలలో ప్రక్కటెముకలు ఉన్నవి. వానికి అతుకని పెద్ద పెద్ద పలకలు కూడ ఉన్నవి. తాబేటికి పలకలు వీపు మీద ఉండవలెను గదా. ప్రక్కటెముకలతో కలియలేదు కనుక ఇవి ప్రక్కటెముకలపై వేరుగా చర్మములో తేలుచుండిన కప్పు అని కోప్ భావించెను. ప్రక్కటెముకలతో ఇంకను ఏకము కాని ప్రథమ దశలోని కప్పు దొరకినదని తలచి, ప్రథమ కప్పు అను అర్థముతో 1872లో ప్రోటోస్టెగా అని నామకరణము చేసెను. పిదప మరికొన్ని మంచి అస్థిపంజరములు దొరకగా, 1890 దశాబ్దమున ఇతర పరిశోధకులు అసలు సంగతి బయటపెట్టిరి. ఆ పలకలు వీపువి కావు, పొట్టవి. కోప్ ఇంటి నేలను తీసి కప్పు మీద పెట్టినాడు!

నవ్వుట సులభము. కాని ఏ తాబేటిలోను వీపు ఖాళీగా, పొట్ట బరువుగా ఉండుట అంతకుముందు ఎవరును చూడని రోజులవి. చెల్లాచెదరైన ఎముకలను తెలిసిన నమూనాను బట్టియే కూర్చవలెను. తెలిసిన నమూనాలో బరువైన భాగము వీపు. కోప్ చేసిన తప్పు అజాగ్రత్త వలన వచ్చినది కాదు, అలవాటు వలన వచ్చినది. జంతు నామకరణ నియమముల ప్రకారము మొదట పెట్టిన పేరుదే హక్కు. అర్థము తప్పైనంత మాత్రమున పేరు మార్చుటకు వీలులేదు. కావున ప్రోటోస్టెగా ప్రోటోస్టెగాగనే ఉన్నది. ఆర్కెలాన్ ఆదికూర్మముగనే ఉన్నది.

జాతుల లెక్కలోను మార్పులు వచ్చినవి. వీలాండ్ 1900లో ఆర్కెలాన్ మార్షై అనియు, 1909లో ఆర్కెలాన్ కోపై అనియు మరి రెండు జాతులను చేర్చెను. మొదటిది మార్ష్ గౌరవార్థము, రెండవది కోప్ గౌరవార్థము. మార్ష్, కోప్ జీవితమంతయు శిలాజములకొరకు ఒకరితో ఒకరు పోరాడిన బద్ధవైరులు. వారిద్దరిని ఒకే ప్రజాతిలో ఇరికించిన వీలాండ్ పెద్దమనిషి తరహా మెచ్చదగినదే. కాని ఆ కాపురము సాగలేదు. మార్షై అనబడినది ఇస్కిరోస్‌కంటె వేరు కాదని తేల్చిరి. కోపై అనుదానిని 1953లో ప్రోటోస్టెగాకు మార్చిరి. 1998లో మరల అక్కడి నుండి తీసి మైక్రోస్టెగా అను క్రొత్త ప్రజాతిలో పెట్టిరి. ఇప్పుడు ఆర్కెలాన్ ప్రజాతిలో మిగిలినది ఒక్క జాతియే.

ఇంతకును ప్రోటోస్టెగా కుటుంబము ఏ శాఖకు చెందినది? తాబేళ్ళ క్రమమున రెండు పెద్ద విభాగములు కలవు. మెడను ప్రక్కకు మడచి దాచునవి ఒకటి, నిలువుగా వంచి లోనికి లాగుకొను వంశము రెండవది. నేటి సముద్ర తాబేళ్ళు ఏడు జాతులు. మెడను దాచుకొనజాలకపోయినను అవి రెండవ విభాగమునకే చెందినవి. వానిలో ఆరు జాతులకు పెంకులున్నవి, ఏడవది తోలు తాబేలు. తోలు తాబేటికి పెంకులు లేవు. ప్రక్కటెముకలు విడిగా ఉన్నవి. వాని పైన చర్మములో వేలకొలది చిన్న ఎముక ముక్కలు రంగురాళ్ళ గచ్చువలె పేర్చబడియున్నవి. పెద్ద శరీరము, చువ్వల వీపు, దృఢమైన తెడ్లు. ఆర్కెలాన్ ప్రక్కన దీనిని నిలిపినచో ఎవరికైనను అన్నదమ్ములవలె తోచును. చాలకాలము శాస్త్రజ్ఞులు ఈ రెంటిని దగ్గరి బంధువులనియే తలచిరి.

1998లో జపాను శాస్త్రజ్ఞుడు హిరయామ బ్రెజిల్ దేశపు శిలాజము ఒకదానిని వర్ణించి, సాంటనాకెలిస్ అని పేరు పెట్టెను. సుమారు 11 కోట్ల ఏండ్ల నాటి ఆ చిన్న తాబేలు ఈ కుటుంబమునకే చెందినది. దాని కాళ్ళు పూర్తిగా తెడ్లు కాలేదు, వ్రేళ్ళు ఇంకను విడిగా కదలగలవు. కాని పుర్రెలో కన్నుల వద్ద పెద్ద గ్రంథులకు చోటు ఉన్నది. సముద్రపు నీరు త్రాగు తాబేలు అధికమైన ఉప్పును కంటి వద్ద గల ఉప్పుగ్రంథుల ద్వారా వెలికి పంపునని 1958లో ష్మిట్ నీల్సన్, ఫాంగె అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. గ్రుడ్లు పెట్టునపుడు ఆలివ్ రిడ్లీ తల్లి కన్నీరు కార్చునని తీరవాసులు చెప్పుకొనునది ఈ ఉప్పునీటినే. కావున ఈ కుటుంబమున ఉప్పుగ్రంథులు ముందు వచ్చి, తెడ్లు తరువాత పూర్తియైనట్లు సాంటనాకెలిస్ చూపుచున్నది.

చిక్కు ఇక్కడనే వచ్చినది. నేటి సముద్ర తాబేళ్ళ కుటుంబములో పుట్టినదైనచో దానికి వాని తెడ్లు అప్పటికే ఉండవలదా? పైగా ఈ ప్రాచీన జాతులలో నేటి సముద్ర తాబేళ్ళలో లేని పాత లక్షణములు కొన్ని ఉన్నవి. 2007లో జాయిస్ అను శాస్త్రజ్ఞుడు తాబేళ్ళ లక్షణములను లెక్కించి వంశవృక్షము గీయగా, సాంటనాకెలిస్ నేటి సముద్ర తాబేళ్ళకు ఎంతో దూరమున, మెడ దాచు తాబేళ్ళు విడిపోక మునుపటి కొమ్మపై పడినది. ఇది నిజమైనచో తాబేళ్ళు రెండు వేరు వేరు తరుణములలో సముద్రములో దిగి, రెండు పర్యాయములును వేరువేరుగా తెడ్లు సంపాదించుకొన్నవన్నమాట. గబ్బిలమునకును పక్షికిని రెక్కలున్నంతమాత్రమున అవి బంధువులు కావు గదా. ఒకే పని చేయుటవలన ఒకే రూపము రావచ్చును.

2019లో ఎవర్స్, బెన్సన్ అనువారు పుర్రెలను ఎక్స్‌రే పద్ధతితో పొరలు పొరలుగా చిత్రించు యంత్రములో పెట్టి చూచిరి. ఎముకను పగులగొట్టకయే లోపలి రక్తనాళముల మార్గములు, చెవి గదులు ఇందులో కనబడును. వీపు, కాళ్ళు ఈతకు అనుగుణముగా మారినను, పుర్రె లోపలి ఈ మార్గములకు ఈతతో అంతగా పని లేదు. అందువలన బంధుత్వమును తేల్చుటకు అవి నమ్మదగిన సాక్షులు. ఆ సాక్ష్యమును కూడ కలిపి గీసిన వృక్షమున ప్రోటోస్టెగా కుటుంబము మరల నేటి సముద్ర తాబేళ్ళ శాఖలోనికే వచ్చినది. అయినను వాదము ముగియలేదు. రెండు పక్షములును తమ తమ వృక్షములతో నిలిచియున్నవి.

తేలికైన వీపు మాత్రము ఈ వాదములో సాక్ష్యముగా పనికిరాదు. జపానులో దొరకిన మెసోడెర్మొకెలిస్ అను క్రిటేషస్ తాబేలు తోలు తాబేటి కుటుంబమునకు చెందినదని 1996లో వర్ణింపబడినది. దాని వీపున పర్శుక ఫలకములు నేటి తోలు తాబేటిలోవలె క్షీణింపలేదు. అనగా ఆ కుటుంబమున కప్పు రాళ్ళు తరువాతి కాలమున తొలగినవి, ఆర్కెలాన్ కుటుంబమున అంతకు చాల ముందే తొలగినవి. పొట్ట వైపు చూచినచో భేదము ఇంకను స్పష్టము. గ్రేట్ నికోబార్ దీవి ఇసుక మీద నేటికిని గ్రుడ్లు పెట్టు తోలు తాబేటికి ఉదరకవచము సన్నని ఎముకల వలయము మాత్రమే. ఆర్కెలాన్‌కు ఆ చోట నాలుగు మహాఫలకములు ఉన్నవి, కోప్ కప్పు అని పొరబడినట్టివే.